సాయంత్రానికల్లా సిద్ధమైన పురాతన దానపత్రం

మంచుకొండలకు అవతల, ఏడాదిలో ఎనిమిది నెలలు చలికి వణికే ఒక పెద్ద అడవి ఉండేది. దానికి రాజు జూలువర్మ అనే సింహం. ఆ వంశంలో ఆయన పదమూడోవాడు. ముందున్న పన్నెండుమంది పేరూ జూలువర్మే.

ఆ అడవిలో రాజు కావడానికి అర్హత ఒక్కటే: పుట్టినప్పటినుంచి కత్తెర పడని జూలు. తెలివి ఉంటే మంచిదే, లేకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఏటా వసంతంలో నాలుగు ఎద్దుల బండి మీద ఆయన్ని సభా మైదానానికి తీసుకొచ్చేవారు. ఆయన లేచి, "విన్నాం. ఆలోచిస్తాం. అందరూ చల్లగా ఉండండి" అని దీవించేవాడు. అసలే గడ్డకట్టుకుపోతున్న జనానికి ఆ చివరి దీవెన అంతగా రుచించేది కాదు.

అసలు పెత్తనమంతా భల్లటుడనే ఎలుగుబంటిది. పేరుకు కోట పెత్తందారు. తోడేళ్ళతో యుద్ధం చేసేది ఆయన, తగువులు తీర్చేది ఆయన, సింహం ఏం మాట్లాడాలో నేర్పేదీ ఆయనే. అన్నీ చేస్తున్నా ఆయనకు జూలు లేదు. వాళ్ళ తాత ఒకసారి ఎండుగడ్డితో జూలు కట్టుకుని సింహాసనం ఎక్కాడట. నిండు సభలో ఒక మేక వెనకనుంచి వచ్చి దాన్ని తినేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ సింహాసనం ఊసెత్తలేదు. మనసులో మాత్రం అది నానుతూనే ఉంది.

అడవి మధ్యలో ఒక సరస్సు. సరస్సు మధ్య, రాతి బాటతో గట్టుకు కలిసిన దిబ్బ మీద ఒక మఠం. మఠాధిపతి ధవళపాదులవారు, కొంగ. ఆయన నీళ్ళలో ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని గంటల తరబడి నిలబడేవారు. అది తపస్సని భక్తులు చెప్పుకునేవారు. చేపల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఈ కథ నిజానికి వీళ్ళెవరిదీ కాదు. ఆ మఠంలో రాతగాడిగా ఉన్న కంటకయ్య అనే ముళ్ళపందిది.

అడవి మొత్తానికి చదవడం రాయడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు కొంగ, ఇంకొకరు కంటకయ్య. కలం కావాలంటే కంటకయ్య వీపు మీద చెయ్యి వేసుకుంటే చాలు. కాగితమంటే భూర్జ చెట్టు బెరడు. ఇరవై ఏళ్ళుగా వంటింటి వెనక చిన్న గదిలో కూర్చుని ప్రార్థనలకు నకళ్ళు రాసేవాడు, రోజుకు రెండు ముల్లంగి దుంపలు తినేవాడు. తన రాతలో ఒక్క కొట్టివేత కూడా లేదన్నది ఆయన గర్వం. ఆయనకు ఇంకో గర్వమంటూ ఉండటానికి ఎవరూ అవకాశమివ్వలేదు.

ఒక ఏడాది నీటికుక్కల గుంపు సరస్సులో పడి మఠం చేపలన్నీ తినేయసాగింది. ధవళపాదులవారు శాపాలు పెట్టారు. నీటికుక్కలు ఇంకా లావయ్యాయి. ఇక లాభం లేదని ఆయన స్వయంగా భల్లటుడి గుహకు వెళ్ళారు. వెంట కంటకయ్య కూడా ఉన్నాడు.

భల్లటుడు సాష్టాంగపడి లేచి, "స్వామీ, నాదొక ధర్మసందేహం" అన్నాడు. "పని చేసేవాడు రాజు కావాలా, పేరున్నవాడు రాజు కావాలా?"

కొంగ కళ్ళు మూసుకుంది. "నాయనా, మాదీ ఒక ధర్మసందేహమే. గురువు చేపలు నీటికుక్కలు తింటుంటే బలమున్న శిష్యుడు ఏం చెయ్యాలి?"

ఇద్దరి సందేహాలూ ఒకేసారి తీరిపోయాయి.

"మరి జూలు మాటేమిటి స్వామీ? నాకది లేదే!"

"జూలు ఒంట్లోంచి పుట్టేది. రాజు నెత్తిన పోసే పవిత్ర తైలం పైలోకం నుంచి దిగేది. ఏది గొప్ప?"

"తైలమే స్వామీ. ఎక్కడ దిగింది?"

"దిగుతుంది" అన్నారు ధవళపాదులవారు. "అయితే ఒక మాట. రేపు మేము తైలం పోశాం కాబట్టి నువ్వు మాకు సరస్సు ఇచ్చావని లోకం అనకూడదు. అది బేరంలా వినిపిస్తుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట మహాగజ చక్రవర్తి మఠానికి దాన్ని ఎప్పుడో ధారపోశాడు. నువ్వు ఆ దానాన్ని గౌరవిస్తావు, అంతే."

"అలాంటి దానపత్రం ఉందా స్వామీ?"

"వెతికిస్తాం."

మఠానికి తిరిగొచ్చాక ఆయన కంటకయ్యను పిలిచారు. "ఆ పత్రం కాస్త వెతకాలి, కంటకయ్యా."

కంటకయ్య అమాయకుడేం కాదు. "ఎప్పటిది కావాలి స్వామీ?"

"నాలుగు వందల ఏళ్ళ కిందటిది."

"సాయంత్రానికి అయిపోతుంది."

రాస్తుండగా కొంగ పక్కనే నిలబడి చెప్పింది. మొదట సరస్సు. తరువాత గట్టు. తరువాత, రాసేటప్పుడు పిసినారితనం దేనికనిపించి, సరస్సు నీళ్ళు పారే తూర్పు వాగు, పడమటి వాగు, వాటి ఒడ్డున ఉన్న నేలంతా, దాని మీద నడిచే ప్రాణులంతా. కంటకయ్య ఒక్కసారి కలం ఎత్తి, "అన్నీనా స్వామీ?" అన్నాడు. "చక్రవర్తి ఉదారుడు" అన్నది కొంగ. కంటకయ్య రాసేశాడు. పొయ్యి మీద పొగ పట్టించాడు, అంచులు పురుగుల చేత కొరికించాడు. కొట్టివేత ఒక్కటీ లేదు. చూసుకుని ముచ్చటపడ్డాడు కూడా.

వసంత సభలో జూలువర్మకు క్షవరం చేశారు. రెండు గొర్రెలు కత్తెర పట్టుకున్నాయి. వాటికి ఇతరుల వొంటి మీద ఆ పని కొత్త కాబట్టి చాలా ఉత్సాహంగా చేశాయి. సింహం ఎదురు తిరగలేదు. "మెడకు చలేస్తుందేమో, ఒక గుడ్డ ఉంటే ఇప్పించండి" అన్నాడు, అంతే. ఎవరూ తేలేదు. తరువాత ఆయన్ని మఠానికి పంపి, చేతికొక పార ఇచ్చి, ముల్లంగి తోటలో పెట్టారు.

తైలం ఒక నత్తగుల్లలో దిగింది. మఠం వంటింట్లో ఆడించిన అక్రోటు నూనె వాసనే వచ్చిందని ఒకరిద్దరు గొణిగారు. భల్లటుడి నెత్తి మీద పోశారు. కళ్ళలోకి కారి మండితే, భక్తితో ఏడుస్తున్నాడని జనం మెచ్చుకున్నారు. కొత్త రాజు దానపత్రం మీద పంజా ముద్ర వేశాడు. చదవడం రాదు కనుక చదవలేదు. ఆ వారమే నీటికుక్కలను సరస్సునుంచి తరిమేశాడు.

చిక్కు తరువాత మొదలైంది.

ఆ అడవిలో తాగే నీళ్ళన్నీ ఆ రెండు వాగులవే. ఒడ్డు మఠానిది, నీళ్ళు మఠానివి. తాగాలంటే తాగొచ్చు, మఠం వద్దనలేదు. తాగినవాళ్ళు వారానికి మూడు రోజులు మఠం గంటగోపురానికి రాళ్ళు మొయ్యాలి, అంతే. రాజుగారి గుహ కూడా తూర్పు వాగు ఒడ్డునే ఉంది. రాజు కదా, రాళ్ళు మొయ్యమనడం బాగుండదు. పండగ రోజున గురువుగారు ఎక్కిన గాడిద పగ్గం పట్టుకుని ఊరేగింపులో నడిస్తే చాలన్నారు. భల్లటుడు నడిచాడు. పళ్ళు నూరుకుంటూ నడిచాడు.

రాళ్ళు మోసేవాళ్ళలో చుక్కమ్మ అనే లేడి ఉంది. మగడు తోడేళ్ళ యుద్ధంలో పోయాడు. ఒక పిల్ల ఉంది. రాళ్ళు మోసి మోసి ఆమె ముందరి గిట్టలు చీలిపోయాయి. ఒకరోజు గోపురం దగ్గర కంటకయ్య కనిపిస్తే ఆపింది.

"అయ్యా, రాతలు మీరే చూస్తారటగా. నా పిల్ల తాగేది నాలుగు గుక్కలు. దాని వంతు రాళ్ళు కూడా నేనే మొయ్యాలంటున్నారు. ఆ పత్రంలో పిల్లల సంగతి రాసుందా?"

"ప్రాణులంతా అని ఉందమ్మా."

"ఏనుగు రాజు నా పిల్లను ఎరుగునా?"

కంటకయ్య లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ముల్లంగి సయించలేదు.

తరువాతి వసంత సభలో చుక్కమ్మ అందరిముందూ నిలబడింది.

"నాకు చదువు రాదు. దానపత్రం చదివించగా విన్నాను. అందులో పడమటి వాగు అని ఉంది. ఆ వాగు కొండచరియ విరిగిపడిన ఏడు పుట్టింది. అప్పుడు మా అమ్మ నన్ను కడుపుతో మోస్తోంది. నాలుగు వందల ఏళ్ళ కిందట చనిపోయిన చక్రవర్తి, నా ఈడు వాగును ఎలా దానం చేశాడో పెద్దలు చెప్పాలి."

సభలో కలకలం రేగింది. మొదటిసారిగా కొంగ రెండు కాళ్ళూ నేలమీద పెట్టింది. భల్లటుడి మొహం మాత్రం విప్పారింది. పత్రం దొంగదని తేలితే తన గుహ తనకు మిగులుతుంది, గాడిద తప్పుతుంది.

"పరీక్ష జరగాలి!" అన్నాడు రాజు.

"జరగాలి" అన్నది కొంగ తేరుకుని. "నీటి పరీక్ష. పత్రం మఠం పెట్టెలో దొరికిందని ప్రమాణం చేసినవాడు కంటకయ్య. తాడు కట్టి సరస్సులో దించుదాం. పవిత్రమైన నీళ్ళు అబద్ధికుణ్ణి తమలోకి రానివ్వవు. మునిగితే నిర్దోషి, పైకి లాగేద్దాం. తేలితే దోషి, రాసే చెయ్యి నరికేద్దాం."

ఎవర్ని దించినా బుడుంగున మునుగుతారన్నది ఆయన ధీమా.

తాడు కడుతుంటే కంటకయ్య ఆయన చెవిలో, "స్వామీ, నేను తేలతాను" అన్నాడు.

"అంత పాపం ఉందా నీలో?"

"పాపం మనసులో ఉంది స్వామీ. గాలి ముళ్ళలో ఉంది. మా జాతి మునగదు."

కొంగ తాడు వైపు రెక్క చాచింది. అప్పటికే కంటకయ్యను ఎత్తి పడేశారు.

కంటకయ్య మునగడానికి చాలా కష్టపడ్డాడు. ఊపిరి వదిలేశాడు. తల కిందకు పెట్టాడు. తన కుడి చెయ్యిని ఆఖరిసారి చూసుకున్నాడు. ఎంత తన్నుకున్నా బెండులా పైకే వచ్చి, వెల్లకిలా తిరిగి, నింగికేసి చూస్తూ ఉండిపోయాడు.

"తేలాడు! దోషి!" అని అరిచాడు భల్లటుడు సంతోషం పట్టలేక.

ధవళపాదులవారు రెండు రెక్కలూ పైకెత్తారు. "తేలలేదు! మూఢులారా, సరిగ్గా చూడండి. నీళ్ళు ఆయన్ని మోస్తున్నాయి! నీళ్ళు మోసేది ఎవర్ని? పుణ్యాత్ముణ్ణి!"

"తేలితే దోషి అన్నారుగా స్వామీ?" అన్నది ఒక కుందేలు.

"అది మామూలువాళ్ళకు."

జనం నోళ్ళు తెరిచారు. ముందు ఒక గొర్రె మోకాళ్ళ మీద పడింది. గొర్రె పడ్డాక మిగతావాళ్ళు పడటానికి ఎంతసేపు! కొంగ ఇంకా గొంతు పెంచింది. "ఈ చెయ్యి తాకిన పత్రంలో అబద్ధం ఉండదు! ఇప్పుడూ ఉండదు, ఇకముందూ ఉండదు!"

ఒడ్డుకు లాగాక తడిసి వణుకుతున్న కంటకయ్య ఆ గుంపులో చుక్కమ్మను చూశాడు. ఆమె మోకరిల్లలేదు. పక్కనున్న రాయి ఎత్తుకుని గోపురం వైపు నడిచింది. వెనకే పిల్ల. చెయ్యి మిగిలినందుకు ఆయనకు కలిగిన సంతోషం అక్కడితో ఆగిపోయింది.

మర్నాటినుంచి కంటకయ్య పుణ్యాత్ముడు. మెత్తని పడక, రోజుకు పది దుంపలు. అడవి నలుమూలలనుంచి యాత్రికులు. మొక్కేవాళ్ళు మొక్కి ఊరుకోకుండా, జ్ఞాపకంగా ఒక ముల్లు పీక్కుని పోయేవారు. పంటినొప్పికి ఒక ముల్లు, గొడ్రాలికి ఒక ముల్లు, కోడలితో పడనివాళ్ళకు రెండు. నెల తిరిగేసరికి ఆయన వీపు కోసిన చేనులా అయింది.

ఒంటరిగా ఉండటానికి ఆయనకు ముల్లంగి తోటే దొరికింది. అక్కడ జూలువర్మ పాదులు తవ్వుతుండేవాడు. ఒకనాడు కంటకయ్య ఆయనముందు కూలబడ్డాడు.

"ప్రభూ, ఆ దానపత్రం రాసింది నేనే. మీ సింహాసనం పోయిన బేరంలో అదొక భాగం."

"ప్రభూ అనకండి, కంటకయ్యగారూ" అన్నాడు సింహం పార ఆపి. "నాకు తెలుసు. నాలుగు వందల ఏళ్ళ పత్రం మీద ముల్లంగి పొగ వాసన వచ్చింది." చేతుల మట్టి దులుపుకుని, "ఒక మాట చెప్పనా? బండిలో కూర్చుని నేను చెప్పిన మాటలు ఒక్కటీ నావి కావు. ఈ దుంపలు మాత్రం నావే. నాకు పోయిందేం లేదు. ఆ లేడి సంగతి చూడండి" అన్నాడు.

అంతలో చిక్కుడు పాదుల అవతలి దారిన మాటలు వినిపించాయి. కొంగ, ఎలుగుబంటి.

"బతికున్న పుణ్యాత్ముడితో ఇదే బాధ, నాయనా. కాళ్ళుంటాయి. రేపు మంచుకొండలు దాటి ఇంకో అడవికి పోయాడనుకో, యాత్రికులూ అటే పోతారు."

"చనిపోతే ఎక్కడికీ పోడు" అన్నాడు భల్లటుడు. "సమాధి నా కోటలో కట్టాలి మరి."

"మఠంలో."

"సగం సగం పంచుకుందాం స్వామీ."

"తల మాకు" అన్నారు ధవళపాదులవారు. "మంచి ముహూర్తం చూసి కబురు చేస్తాం."

అడుగుల చప్పుడు దూరమయ్యాక సింహం, ముళ్ళపంది మొహమొహాలు చూసుకున్నారు. కంటకయ్య లేచాడు. గదిలోకి వెళ్ళి భూర్జపత్రం ముందు కూర్చున్నాడు. వీపు తడుముకుంటే ఒక్క ముల్లు మంచిది మిగిలింది. దాంతోనే రాశాడు.

ఆ మధ్యాహ్నమే జూలువర్మ ముల్లంగి గంప నెత్తికెత్తుకుని మఠం తలుపు దాటాడు. గంపలో ఆకుల కింద కంటకయ్య. కావలి కుక్కలు చూశాయి, పలకరించలేదు. జూలు లేని సింహాన్ని ఎవరూ సింహమనుకోరు. ఇద్దరూ యాత్రికుల్లో కలిసి మంచుకొండల బాట పట్టారు.

మర్నాడు పొద్దున ప్రార్థనకు జనం కిక్కిరిసి ఉండగా పీఠం మీద పత్రం కనిపించింది. ధవళపాదులవారు మొదటి వరుస చూసి పొంగిపోయి, పైకి చదవడం మొదలుపెట్టారు.

"పుణ్యాత్ముడనైన నేను, కంటకయ్యను, ఈ దేహం విడిచి పైలోకానికి పోతున్నాను. వెలుగు నన్ను పిలిచింది. దేహం కూడా వెంట వస్తోంది కనుక ఎవరూ వెతకవద్దు..."

జనం బావురుమన్నారు. శవం పోయినా గుడి మిగులుతుందని కొంగ గొంతు ఇంకా గంభీరమైంది.

"...పోయేముందు మహాగజ చక్రవర్తి నాకు దర్శనమిచ్చి చెప్పిన మాట ఇది: నేను దానమిచ్చిన పత్రం గడువు నిన్నటితో తీరింది. ఈ సరస్సు, దాని వాగులతో సహా, ఇక ఎవరిదీ కాదు..."

చదవడంలో ఒక ప్రమాదం ఉంది. రాగం పట్టాక నోరు ఆగదు, అర్థం వెనక నెమ్మదిగా వస్తుంది. అర్థం వచ్చేసరికి మాట బయట పడిపోయింది. కొంగ చటుక్కున చదవడం ఆపేసింది.

"ఆపారేం స్వామీ?" అన్నది చుక్కమ్మ.

"ఇది... ఇది దొంగ రాత!"

"ఆ చెయ్యి రాత దొంగదా?" అని మెల్లగా అడిగింది ఆమె. "అయితే ఆ రోజు నీళ్ళు మోసింది పుణ్యాత్ముణ్ణి కాదా స్వామీ? మరి ఇంతమంది తీసుకెళ్ళిన ముళ్ళ సంగతేమిటి?"

జనం కొంగవైపు తిరిగారు. ఒక్కొక్కరి మెడలో ఒక్కో ముల్లు వేలాడుతోంది. వాళ్ళ చూపు అంత బాగా లేదు. ధవళపాదులవారు చాలాసేపు ఒంటికాలి మీద ఆలోచించారు. సరస్సు కావాలా, గుడి కావాలా?

"నిజమే" అన్నారు చివరికి. "పుణ్యాత్ముడి మాటే మాట."

వెంటనే భల్లటుడు ముందుకొచ్చాడు. "ఎవరిదీ కానిది రాజుదవుతుంది, అదీ ధర్మం!"

"ఇంకో వరుస ఉంది" అన్నారు ధవళపాదులవారు. ఈసారి ఆయన గొంతులో కొంచెం హుషారు కూడా ఉంది. "ఎవరిదీ కాదు. ముఖ్యంగా రాజుది కాదు."

ఆ రోజే రాళ్ళు ఎక్కడివక్కడ పడేశారు. గంటగోపురం నడుం దాకా లేచి ఆగిపోయింది. చుక్కమ్మ పిల్లను వాగు దగ్గరికి తీసుకెళ్ళి, అది చాలనేదాకా తాగించింది.

మూడేళ్ళ తరువాత కంటకయ్య ఆ అడవికి ఒకసారి వచ్చాడు. అవతలి అడవిలో పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాడు, జూలువర్మ పక్కనే తోట వేసుకున్నాడు. నీళ్ళు ఎలా ఉన్నాయో చూసిపోదామని మనసు లాగింది.

మఠం ముందు పెద్ద వరుస. లోపల కంటకయ్య రాతి విగ్రహం, అసలు మనిషికన్నా రెండింతలు ఎత్తు, మొహంలో ఎక్కడా పోలిక లేదు. వరుసలో చుక్కమ్మ కనిపించింది. ఆయన ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేనే కంటకయ్యను. చావలేదు. దర్శనం అదీ ఏమీ కాలేదు, నేనే రాశాను. ఆ మొదటి పత్రం కూడా నేనే రాశాను. ఆ తప్పు నీకు చెప్పాలనే వచ్చాను."

చుక్కమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఈ ఏడు నువ్వు నాలుగోవాడివి నాయనా. మొన్నొకాయన అచ్చం ఇలాగే ఏడ్చాడు. అన్నం తిన్నావా?"

"నా ముళ్ళు చూడమ్మా."

"ముళ్ళు ప్రతి ముళ్ళపందికీ ఉంటాయి. ఆయన పైలోకానికి పోయినట్టు పత్రం ఉంది. నువ్వు ఇక్కడున్నట్టు పత్రం ఏది?"

కంటకయ్య ఖాళీ చేతులు చూపించాడు. ఆమె తన మూటలోంచి రొట్టె తీసి సగం ఆయన చేతిలో పెట్టి, వరుసలో ముందుకు జరిగింది. ఆయన వాగు ఒడ్డున కూర్చుని రొట్టె తిని, కడుపునిండా నీళ్ళు తాగాడు. ఎవరూ అడ్డుకోలేదు.

ఇందులోని నీతి: నిజం చెప్పదలచుకున్నవాడు నిరభ్యంతరంగా చెప్పవచ్చు, కాకపోతే ముందుగా తను చచ్చిపోయినట్టు ఒక మంచి పత్రం పుట్టించుకోవాలి.